ర్యాంకులు వేరు, మార్కులు వేరు

హన్మకొండ

బిడ్డా,

నీ వ్యాసం అందింది. మొదటిసారి మంచం మీద ఒరిగి చదివిన. రెండోసారి పెన్సిలు పట్టుకుని కుర్చీలో కూసున్న. తుపాకీ మందుల్లో ఏది తొందరగా కాలుతది, ఏది నిదానంగా కాలుతది అని జమ్మికుంట పిల్ల ఒకతె తెలుగులో పదహారు పేజీలు రాసిందంటే నాకు ముచ్చటేసింది. ఎన్‌సీసీ క్యాంపులో పాయింట్ టూటూ రైఫిలుతో అయిదు రౌండ్లు పేల్చిన పూట ఈ కుతూహలం పుట్టిందని ఉత్తరంలో చెప్పినవు. వ్యాసంలో మాత్రం ఆ పూట గురించి ఒక్క ముక్క లేదు. దాని సంగతి చివర్లో అడుగుత.

ముందు పేరు. "ధూమరహిత చూర్ణముల దహన వేగములు: తులనాత్మక పరిశీలన" అని పెట్టినవు. చూర్ణం అంటే నాకు త్రిఫల చూర్ణమే యాదికొస్తది. పైగా అది చూర్ణం కానే కాదు. ఇంగ్లీషువాళ్లు పాత అలవాటు కొద్దీ పౌడర్ అంటరు గాని, చేతిలో పోసుకుని చూస్తే కొన్ని రాగుల్లా గుండ్రంగా, కొన్ని అటుకుల్లా పలచగా, కొన్ని తుంచిన సేమియాలా ఉంటయి. "పొగరాని మందు" అను, చాలు.

బ్లాక్ పౌడర్‌ను "నల్లమందు" చేసినవు చూడు, అక్కడ నవ్వు ఆపుకోలేకపోయిన. నల్లమందు అంటే అభిని. నీ లెక్కన ప్రపంచంలోని సైన్యాలన్నీ కొన్ని వందల ఏండ్లు అభిని దట్టించి యుద్ధాలు చేసినట్టు. సురేకారం, బొగ్గు, గంధకం కలిపిన ఆ సరుకును "పాతకాలపు తుపాకీ మందు" అని రాయి. మందు అన్న మాట మన దగ్గర చాలా మోస్తది. దవాఖానాలో ఒకటి, బెల్టు షాపులో ఒకటి, సింగరేణి బ్లాస్టింగులో ఒకటి. పత్తి రైతు ఇంట్లో దానికున్న ఇంకో అర్థం నీకు నేను చెప్పే పని లేదు. అందుకని ఏ మందో మొదటి వాక్యంలోనే తేల్చు.

ఇంకొకటి. నాలుగో పేజీలో "40 గింజల మందు" అన్నవు. బిడ్డా, అక్కడ గ్రెయిన్ అంటే గింజ కాదు, తూకం. 7000 గ్రెయిన్లు ఒక పౌండు. అంటే 40 గ్రెయిన్లు మన లెక్కలో రెండున్నర గ్రాముల పైచిలుకు. కంసాలి త్రాసులో పెట్టే గురిగింజ యాదికుంటే, గ్రెయిన్ దాంట్లో సుమారు సగం. నిజంగా నలభై గింజలు లెక్కబెట్టి పోస్తే తూటా గుల్లలో ఏ మూలకూ చాలవు. ఈ గురిగింజ పోలిక వాడుకో, నాకేం రాయల్టీ అక్కర లేదు.

ఇగ అసలు సంగతికి వస్త. మందుల కంపెనీలు వేసే పట్టికను నువ్వు మొత్తం దించినవు. పైన అన్నిటికన్నా తొందరగా కాలేది, కింద అన్నిటికన్నా నిదానంగా కాలేది, వందకు పైగా పేర్లు. అక్కడిదాకా బాగనే ఉంది. తర్వాత రాసినవు: "60వ స్థానంలోని మందు 30వ స్థానంలోని దానికన్నా రెండింతలు నిదానంగా కాలుతుంది." ఇది ఎట్ల చెప్పినవు? ఎంసెట్ రాసిన పిల్లవే గదా. 3000 ర్యాంకు వచ్చినోడు 1500 ర్యాంకోడికన్నా రెండింతలు మొద్దు అని ఎవరన్నా అంటరా? ఒక్క మార్కు తేడాలో వందలమంది ఇరుక్కుంటరు, ఇంకోచోట ఇద్దరి నడుమ పది మార్కుల ఎడం ఉంటది. ర్యాంకు చెప్పేది వరుస. మార్కులు అది చెప్పదు. ఆ పట్టికా అంతే. 12కు 13కు నడుమ వెంట్రుకవాసి తేడా ఉండొచ్చు, 13కు 14కు నడుమ గోదావరి అంత ఉండొచ్చు. రెండు కంపెనీల పట్టికలు పక్కపక్కన పెట్టి చూడు, అవే మందులు అక్కడక్కడ ముందువెనుక అయి కనబడుతయి.

ఎందుకు మారుతయి అన్నదే నీ వ్యాసానికి గుండెకాయ. దాన్ని మూడు లైన్లలో దాటేసినవు. వేగం అన్నది మందు ఒక్కదాని గుణం కాదు. బయట పళ్లెంలో పోసి అంటిస్తే పొగరాని మందు పేలదు, పసుపు మంటతో బుస్సుమని కాలిపోతది, అంతే. తూటాలో, అంటే ముందు గుండు, వెనక మందు ఉన్న గుల్లలో, బిగించి పేలిస్తే అదే మందు వేరే అవతారం ఎత్తుతది. పుట్టిన వాయువు పోయే తోవ లేక పీడనం పెరుగుతది, పీడనం పెరిగిన కొద్దీ మంట వేగం పెరుగుతది, ఆ వేగానికి ఇంకా వాయువు పుడుతది. కొలిమిలో నిప్పు తన తిత్తిని తానే ఊదుకున్నట్టు. గుండు గొట్టం దాటేలోపల, సుమారు సెకనులో వెయ్యో వంతులో, ఈ భాగోతం అంతా ముగుస్తది. కంపెనీవాళ్లు గట్టి ఉక్కు పాత్రలో మూసి కాల్చి, పీడనం ఎంత తొందరగా ఎక్కిందో చూసి వరుస కడుతరు. ఆ పాత్ర గోడలు కదలవు. తుపాకీలో గుండు కదులుతది, జాగా పెరుగుతది. ఎంసెట్‌లో ముందున్నోడు నీట్‌లో వెనకబడ్డట్టు, ఒక తూటాలో ముందున్న మందు ఇంకో తూటాలో వెనకబడొచ్చు.

12 బోరు తుపాకీ తీసుకో. వెడల్పు గొట్టం, అందులో గుండు బదులు ఉండే సన్న రవ్వలు కొంచెం కదలంగనే వెనక జాగా విశాలమైపోతది. పీడనం నిలవాలంటే తొందరగా కాలే మందే కావాలె. అమెరికా లెక్కల్లో దాని గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 11,500 పౌండ్లు. థర్టీ నాట్ సిక్స్ రైఫిలుకు అదే 60,000. మన కారు టైరులో 32 కొట్టిస్తం, యాదికి పెట్టుకో. సన్న గొట్టం, బరువు గుండు, పెద్ద తూటా అయితే నిదానపు మందు కావాలె. గుండు ముందుకు పోతున్నంత సేపు వెనకనుంచి నెడుతూనే ఉండాలె. నువ్వు "వేగమైన మందు శక్తివంతమైనది" అని తేల్చినవు. ఎద్దుల బండిని వెనకనుంచి ఒక్క గుద్దు గుద్దుడు, పది అడుగులు నెట్టుడు ఒకటే అవుతదా? రైఫిలు గుండుకు ఎక్కువ వేగం ఇచ్చేది ఎక్కువసార్లు ఆ నిదానపు మందే.

ఆకారం సంగతి ఇంకొంచెం సాగదియ్యి, అది నీకు బాగా వచ్చింది. ఈ మందు మీదినుంచి లోపలికి పొరపొరగా కాలుతది. గుండ్రటి గింజ కాలేకొద్దీ చిన్నదైతది, మంట తగిలే జాగా తగ్గుతది, వాయువూ తగ్గుతది. మురుకుల గొట్టంలో ఒత్తినట్టు ఒత్తి నడుమ బొక్క పెట్టిన ముక్క అయితే బయట తగ్గినంత లోపల బొక్క పెరుగుతది, మంట ఇంచుమించు సమంగా నడుస్తది. ఫిరంగి మందులో ఏడు బొక్కలు పెడుతరు, అప్పుడు కాలేకొద్దీ జాగా పెరుగుతది. పైన పూసే పూత మొదటి మంటను కొంచెం ఆపుతది. ఈ పేరా చదివినోడికి పట్టిక లేకున్నా విషయం అర్థమైతది. నీ పదహారు పేజీల్లో పట్టికకే ఏడు పోయినయి, బొక్కకు మూడు లైన్లు దక్కినయి.

పదకొండో పేజీలో ఒక వాక్యం కింద ఎర్ర పెన్నుతో గీసిన. "పట్టికలో పక్కపక్కన ఉన్న మందులను ఒకదాని బదులు ఒకటి వాడవచ్చు." కొట్టెయ్. మెత్తబరచకు, "సాధారణంగా" అని తగిలించకు, కొట్టెయ్. పక్కనున్నంత మాత్రాన తూకం ఒకటి కాదు, సాంద్రత ఒకటి కాదు. పేరు ఒకటే అయినా సరుకు ఒకటి కాదు: 4831 అని అమెరికాలో హాడ్జ్‌డన్ పేరు మీద ఒక మందు, ఐఎంఆర్ పేరు మీద ఒక మందు ఉన్నయి. నంబరు అదే, ఐఎంఆర్‌ది తొందరగా కాలుతది. హాడ్జ్‌డన్ ఆ మందును మొదట రెండో ప్రపంచ యుద్ధంలో మిగిలిపోయిన 20 మిల్లీమీటర్ల ఫిరంగి గుండ్ల సరుకు నుంచి అమ్మిండు. ఖాళీ తూటాలు ఏరుకుని మళ్లీ నింపుకునే అలవాటు అమెరికా లాంటి దేశాలది. అక్కడ కూడా తూకాలు కంపెనీ ముద్రించిన పుస్తకం చూసే నింపుతరు, ఈ పట్టిక చూసి కాదు. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేసుడే నేరం. అంటే నీ పాఠకుడు నింపుకునేటోడు కాదు, అర్థం చేసుకునేటోడు. ఆయనకోసం రాయి.

నేను తప్పులు చేయలేదని అనుకోకు. నలభై ఏండ్ల కింద 1948 నాటి కథ ఒకటి రాసిన. పరకాల దిక్కు ఊరు. పోలీసు త్రీనాట్‌త్రీ రైఫిలు (పొగరాని మందుది) పేలిస్తే "తెల్లటి పొగ చింతచెట్టును కమ్మింది" అని రాసి మురిసిపోయిన. అదే కథలో ఊరోళ్ల భర్మారు, అంటే గొట్టం మూతిలోంచి పాత మందు దట్టించే నాటు తుపాకీ, పేలితే పొగ ఊసే లేదు. పదిహేను రోజులకు ఒక మాజీ సైనికుడి కార్డు ముక్క వచ్చింది: "అయ్యా, పొగ తప్పు తుపాకీకి పెట్టిండ్రు." ఎవరు ఎక్కడినుంచి కాల్చిండ్రో పొగే పట్టిస్తది, భర్మారోడు ఒక్కసారి కాల్చి జాగా మారాలె, రైఫిలోడు చెట్టు చాటున నిలబడి ఎన్నిసార్లన్నా కాల్చొచ్చు. ఇంత కథ ఆ పొగలో ఉంటే నేను దాన్ని తీసుకపోయి చింతచెట్టుకు అలంకారం చేసిన. పాత మందు కాలితే సగానికి పైగా పొడిగానే మిగులుతది, ఆ పొడే మనకు కనబడే పొగ. కొత్త మందు ఇంచుమించు అంతా వాయువే అయిపోతది. 1884లో ఫ్రాన్సులో పాల్ వియే అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని చేసిండు, రెండేండ్లకు వాళ్ల సైన్యానికి ఈ మందుతో పేలే లెబెల్ రైఫిలు వచ్చింది. బ్రిటిషోళ్ల త్రీనాట్‌త్రీ పాత మందుతోనే మొదలై కొద్ది ఏండ్లలో కార్డైటు అనే పొగరాని మందుకు మారింది. కార్డైటు అంటే దారపు పోగులే, చూస్తే మగ్గం మీది నూలనుకుంటవు.

నూలు అంటే గుర్తొచ్చింది. ఈ మందు దేనితోని చేస్తరో రాసినవు, "నైట్రోసెల్యులోజ్" అని ఒక్క మాట. అది పత్తి, బిడ్డా! 1846లో షోన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త పత్తిని ఆమ్లాల్లో ముంచినప్పుడు మొదలైన కథ. జిన్నింగు మిల్లులో దూది తీసినంక గింజకు అంటుకుని మిగిలే పొట్టి నూగు ఉంటది చూడు, ఈ పనికి దాన్నే ఎక్కువగా వాడుతరు. జమ్మికుంట మార్కెట్ పక్కన పుట్టి, పత్తి బండ్ల వెనక బడికి పోయిన దానివి, నీ వ్యాసంలో పత్తి లేకపోవుడు ఏంది? మొదటి పేజీ అక్కడినుంచి మొదలుపెట్టు. ఫ్రాన్సు తర్వాత వస్తది, ఎక్కడికీ పోదు.

ఇగ ఆ ఎన్‌సీసీ పూట. భుజానికి ఎంత తగిలింది, వాసన ఎట్లుంది, తూటా గుల్ల ముట్టుకుంటే కాలిందా, పొగ కనబడిందా లేదా? నాకు తెల్వదు, నేను జన్మలో రైఫిలు పట్టలే. నువ్వు పట్టినవు.

దసరాకు ఊరికి వస్తున్నవంటివి. పండుగ ముందు ఒకరోజు హన్మకొండలో దిగు. ఎనుమాముల దిక్కు తెలిసిన జిన్నింగు మిల్లు ఉంది, పొద్దున పోతే నూగు చేతిలోకి తీసుకుని చూడొచ్చు. వచ్చేటప్పుడు మీ నాయినమ్మ దగ్గర గురిగింజలు ఉంటే నాలుగు పట్టుకురా, ఇక్కడ కంసాలి త్రాసులో తూచి నీ లెక్క సరిచూద్దం.

ఆశీస్సులతో,
మీ సారు