రొట్టెల కొట్టు ముందు నిలబడ్డావు కదా

చిరంజీవికి ఆశీస్సులు.

ఫ్రాన్సులో వెర్డన్ దగ్గర, మొదటి ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైన ఫ్లూరీ అనే ఊరి మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివానమ్మా. మొదటి వాక్యం దగ్గరే చిరాకేసింది. "నెత్తుటి మడుగులో మునిగిన ఫ్లూరీ" అన్నావు. యుద్ధం జరిగిన ఏ ఊరికైనా అతికే మాట అది. ఏ ఊరికైనా అతికేది ఆ ఊరి మాట కాదు.

ఊరి గురించి రాసేటప్పుడు ముందు నేల చెప్పాలి. ఎత్తెక్కడ, పల్లమెక్కడ, దారి ఎటు పోతుంది. తేదీలు ఆ తర్వాత. 1916 జూన్ నుంచి ఆగస్టు దాకా ఫ్లూరీ 16 సార్లు చేతులు మారిందని రాశావు, ఎందుకో రాయలేదు. యుద్ధానికి ముందు 422 మంది, సేద్యమూ కొయ్యపనీ చేసుకు బతికే ఊరు. దానికోసం రెండు సైన్యాలు అంతలా ఎందుకు కొట్టుకున్నాయి? ఊరు గట్టు మీద ఉంది. ఒక పక్క దువోమోం కోట, ఫిబ్రవరిలోనే జర్మన్ల చేతికి పోయింది. మరో పక్క సూవిల్ కోట, ఫ్రెంచివాళ్లది. అది కూడా దాటితే వెర్డన్ పట్నానికీ మ్యూజ్ నదికీ ఇక దిగుడే. ఫ్లూరీ ఆ రెండు కోటల నడుమ చిక్కింది. ఊరి పూర్తి పేరుకు అర్థమే "దువోమోం ముందున్న ఫ్లూరీ". పేరులోనే ఉన్నదాన్ని వదిలేసి నెత్తురు పట్టుకున్నావు.

ఈ పోట్లాట నాకు పాతది. మా ఊరు శ్రీశైలం ముంపులో పోయింది. దాని మీద నేను రాసిన మొదటి వ్యాసంలో చేదబావి నుంచి రచ్చబండ దాకా సందు సందూ రాశాను. ఒక వారపత్రిక సంపాదకుడు ఆ పేరాలన్నీ కొట్టేసి, ఊరు ఖాళీ చేసిన రోజు ఏడుపులు మాత్రం అచ్చేశాడు. పాఠకులకు అదే కావాలన్నాడు. అచ్చయిన పేజీలో మా ఊరు నాకే ఆనవాలు పట్టలేదు. ఇప్పటికీ ఆయన మీద కోపం పోలేదు.

నీ వ్యాసంలో నన్ను ఆపేసింది ఒక్కచోటే. "రొట్టెల కొట్టు ఇక్కడ ఉండేదని రాసిన గుర్తు ముందు నిలబడ్డాను, వెనక గుంట, గుంటలో గడ్డి." అక్కడ ఊరు కనబడింది. ఇళ్లు ఒక్కటీ మిగల్లేదు, గుంటల మధ్య వీధి జాడ మాత్రం ఉంది. పేలని ఫిరంగి గుండ్లు నిండిన ఆ నేలలో మళ్లీ సేద్యం కుదరదని చెట్లు నాటారు. ఓటరు ఒక్కరూ లేరు, అయినా ఫ్రెంచి ప్రభుత్వం ఆ ఊరిని జాబితాలోంచి తీసేయలేదు. నేటికీ దానికి మేయర్ ఉన్నారు, జిల్లా అధికారి నియమిస్తారు. ఇంత పెద్ద సంగతిని ఒక్క వాక్యంలో తేల్చేశావేం?

పుస్తకం ఎవరు వేస్తారని అడిగావు. ఆ మాట తర్వాత.

ఊరి రైల్వే స్టేషన్ ఉన్నచోటే 1967లో వెర్డన్ స్మారక భవనం తెరిచారు. నువ్వు అక్కడి నుంచే నడిచి ఉంటావు. స్టేషన్ నుంచి రొట్టెల కొట్టుకి ఎంత దూరం? ఎక్కుడా, దిగుడా? అది రాసి పంపు.