అమ్మ మేనమామను గురించి రాస్తున్న అమ్మాయికి

విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఇరవై రెండు పేజీలనూ రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ ఇంటి మనిషిగా చదివాను. మీ నాన్న మాస్కోలో వైద్యం చదువుకుని, రష్యాలోని కల్మీకియా నుంచి వచ్చిన సహాధ్యాయినిని పెళ్లి చేసుకుని గుంటూరు తీసుకువచ్చిన నాటి నుంచి మీ అమ్మను ఎరుగుదును. ఆమె మన భాష నేర్చుకుంది, గోంగూర పచ్చడి నూరడం నేర్చుకుంది, మీ నాయనమ్మ చేత 'మా కోడలు' అని నలుగురిలో చెప్పించుకుంది. పుట్టింటి సంగతి ఎవరైనా అడిగితే మాత్రం 'మా అమ్మ తప్ప మాకెవరూ లేరండీ' అని అక్కడితో ముగించేది. అటువంటి ఆమెకు అరవై దాటాక న్యూజెర్సీలో మేనమామ దొరికాడని, ఆయనను ముందుగా చూసింది నువ్వేనని చదివినప్పుడు కాసేపు అక్షరాలు నా కంటికి ఆనలేదు. రెండోసారి రచయితగా చదివాను. ఈ ఉత్తరం ఆ రెండో చదువు గురించి.

నీ రచన పరుగెత్తే గుర్రాలతో మొదలవుతుంది. రెండో పేరాకే చంఘిజ్ ఖాన్ వచ్చాడు. మూడో పేరాలో 'నా రక్తం నన్ను పిలిచింది' అన్నావు. ఈ మూడు పేరాలనూ తీసివేయమంటున్నాను. అవి అందంగానే ఉన్నాయి, కానీ నీవి కావు. మంగోలు అనగానే తెలుగు పాఠకుడికి తట్టేది ఆ ఒక్క పేరే కనుక నువ్వూ అక్కడే అడుగుపెట్టావు. మీ అమ్మమ్మ వంశం పశ్చిమ మంగోలులైన ఓయిరాత్‌లది. 1453లో ఎసెన్ అనే ఓయిరాత్ నాయకుడు చంఘిజ్ వంశంలో పుట్టకుండానే ఖాన్ బిరుదు ధరిస్తే, కొద్దికాలానికే అతని వారే అతని మీద తిరగబడ్డారు. చంఘిజ్ సంతతిని గురించి నువ్వు ఉదహరించిన 2003 నాటి జన్యు పరిశోధన మగవారిలో తండ్రి నుంచి కొడుక్కు సంక్రమించే వై క్రోమోజోముకు సంబంధించినది. తల్లి వైపు నుంచి నీకు వచ్చిన వారసత్వాన్ని గురించి అది ఏమీ చెప్పజాలదు. ఆ ఓయిరాత్ తెగల్లో కొన్ని 17వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో నేటి చైనా వాయవ్యాన ఉన్న జుంగారియా మేతభూములను విడిచి, మందలతో పడమటికి సాగి, వోల్గా నది దిగువ మైదానాలలో నిలిచి కల్మిక్‌లయ్యాయి. అంటే మీ వాళ్లు మంగోలియాను విడిచి నాలుగు వందల ఏళ్లు కావస్తోంది. అంత దూరం, అంత కాలం మోసుకొచ్చిన భాషనూ బౌద్ధాన్నీ పక్కన పెట్టి, తమది కాని చక్రవర్తిని వాళ్ల తలుపు దగ్గర కాపలా పెట్టడం న్యాయం కాదు.

'కల్మిక్ అంటే మిగిలిపోయినవాడు' అన్న వాక్యాన్ని నువ్వు నాలుగుసార్లు వాడావు. అందులోని ఆకర్షణ నాకు అర్థమైంది. 1771 జనవరిలో ఉబాషీ ఖాన్ వెంట లక్షన్నర మందికి పైగా తూర్పుకు తిరిగి వెళ్లిపోగా, ఆ ఏడు వోల్గా గడ్డకట్టకపోవడంతో నది దాటలేక పడమటి ఒడ్డున నిలిచిపోయిన వారి సంతతే నేటి కల్మిక్‌లు. అది నిజమైన చరిత్ర. అయితే ఆ పేరు 1771కి చాలా ముందు నుంచే తురుష్క, రష్యన్ రాతల్లో ఉంది. ఒక పదానికి జనం చెప్పుకునే అర్థాన్ని 'ఇలా చెప్పుకుంటారు' అని ఒక్కసారి రాయి. దాని మీద ఇల్లు కట్టకు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా చిన్నతాత, అంటే మా తాత తమ్ముడు, 1930ల్లో టెక్కలి దగ్గర మా ఊరి నుంచి రంగూన్ వెళ్లాడు. కోస్తా నుంచి వేలమంది అలాగే వెళ్లారు. అక్కడ వాళ్లను కోరంగీలు అనేవారు. 1942లో జపాను సేనలు బర్మాలోకి వచ్చినప్పుడు ఎంతోమంది కొండల వెంట కాలినడకన తిరిగి వచ్చారు, ఆయన రాలేదు. ఆయనకు కర్మ చేద్దామా వద్దా అని మా ఇంట్లో ఏళ్ల తరబడి తర్జనభర్జన జరిగింది. బర్మాలో దుకాణాలను ప్రభుత్వం స్వాధీనం చేసుకున్న మరుసటి ఏడు, 1965లో, ఒక మధ్యాహ్నం ఆయన రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని మా గుమ్మం ముందు నిలబడ్డాడు. అప్పుడు నాకు పదహారేళ్లు. ఎనిమిదేళ్ల తరువాత ఆ రాకను కథగా రాశాను. అందులో ఆయన గడప పట్టుకుని భోరుమన్నాడని రాశాను. కథ ఒక వారపత్రికలో వచ్చింది, మెచ్చుకుంటూ ఉత్తరాలు కూడా వచ్చాయి. మా పిన్ని దాన్ని ఆయనకు చదివి వినిపిస్తే, అంతా విని, నావైపు తిరిగి ఒకే మాట అన్నాడు: 'నానేడవనేదు గదరా.' నిజమే, ఆయన ఏడవలేదు. పెట్టె దించి, పెరటివైపు చూసి, 'నుయ్యి ఈ పక్కకుండాలే' అన్నాడు. ముప్పై ఏళ్లు తన మనసులో ఏ పక్కన ఉందో ఆ పక్కన లేని నూతి కోసం వెతికిన ఆ చూపును నేను నా కళ్లతో చూశాను. చూసి కూడా దానికి బదులు కన్నీళ్లు రాశాను. యాభై ఏళ్లు దాటినా ఆ కథను ఏ సంపుటిలోనూ చేర్చలేకపోయాను.

నీ పేజీల్లోనూ అటువంటి నుయ్యి ఒకటి ఉంది, తొమ్మిదో పేజీలో. 1943 జనవరి చలిలో తండ్రితో బండి ఎక్కినప్పుడు మీ అమ్మ మేనమామకు ఐదేళ్లు నిండలేదు. తల్లి మంచాన ఉంది, పదకొండేళ్ల అక్క ఆమె దగ్గర ఉండిపోయింది. ఆ అక్క మీ అమ్మమ్మ. తమ్ముడి చెవులటోపీ తాడును ఆమె గడ్డం కింద మరీ బిగించి ముడివేసిందని, ఆ మాట చెబుతూ ఆయన గడ్డం కింద రెండు వేళ్లతో తడుముకున్నాడని రాశావు. రాసి, వెంటనే తరువాతి వాక్యంలో మంగోలు సామ్రాజ్య విస్తీర్ణానికి వెళ్లిపోయావు. ఎనభై ఏళ్ల కిందటి ముడి ఇంకా ఆ మెడ మీద ఉంది, అమ్మా. అక్కడ ఆగు. తాడు దేనితో చేశారో, ముడి ఎవరు విప్పారో, ఎన్నాళ్లకు విప్పారో ఆయనను అడిగావా? అడిగి ఉంటే అది రాయి. ఆయనకు గుర్తు లేకపోతే గుర్తు లేదన్న మాటే రాయి. 'ఆయన కళ్లు చెమర్చాయి' అన్న నీ వాక్యం మాత్రం నాకు అనుమానంగా ఉంది. నిజంగా చెమర్చాయా, లేక అక్కడ చెమర్చాలని నీకు అనిపించిందా? మొదటిదైతే ఉంచు.

అంకెలకు కూడా నీ రచనలో చోటు ఉంది, కానీ అవి ఆ మనుషుల వెనుక నడవాలి. 1943 డిసెంబర్ 28 తెల్లవారుజామున సైనికులు కల్మీకియాలో ఇంటింటి తలుపు తట్టి, తొంభై వేల మందికి పైగా ప్రజలను పశువుల వ్యాగన్లలో సైబీరియాకు తరలించారు. శత్రువుతో చేయి కలిపారన్నది జాతి మొత్తం మీద మోపిన నేరం. ఎర్రసైన్యంలో పోరాడుతున్న కల్మిక్ సైనికులను సైతం ఆ తరువాత యుద్ధరంగం నుంచి వెనక్కు పిలిచి శ్రమశిబిరానికి పంపారు. 1957లో గాని తిరిగి రావడానికి వీలు కలగలేదు. ఇదంతా నువ్వు ఒక పేజీ నిండా పాఠంలా చెప్పావు. మీ అమ్మమ్మ పన్నెండేళ్లకు ఆ బండి ఎక్కి ఇరవై ఐదేళ్లకు దిగిందని చెబితే, పదమూడేళ్లు అన్న అంకెకు ఒక మనిషి ఎత్తూ జడా వస్తాయి.

ఇక నువ్వు తప్పించుకున్న చోటు. ఆ తండ్రి ఎందుకు వెళ్లాడు? జర్మన్లు 1942 ఆగస్టులో కల్మీకియా ముఖ్యపట్టణం ఎలిస్తాను ఆక్రమించి, ఏడాది చివర వెనుదిరిగినప్పుడు కొన్ని వేల మంది కల్మిక్‌లు వారి వెంట కదిలారు. వారిలో జర్మన్ల పక్షాన ఆయుధం పట్టిన అశ్వికదళం వారు ఉన్నారు, వారి కుటుంబాలు ఉన్నాయి, బలవంతపు సమష్టి వ్యవసాయాన్నీ కూల్చిన బౌద్ధారామాలనూ మరవలేని వారూ ఉన్నారు. మీ ముత్తాత వీరిలో ఎవరో నువ్వు రాయలేదు. మీ అమ్మ మేనమామ ఆ మాట వచ్చినప్పుడు లేచి వెళ్లి టీ మళ్లీ వెచ్చబెట్టాడని మాత్రం రాశావు. అది చాలా మంచి వాక్యం. దానికి ముందు 'పరిస్థితుల ప్రభావం వల్ల' అని పెట్టిన క్షమాపణను తీసివేయి. ఆయన చెప్పనిదాన్ని నువ్వు చెప్పి ముత్తాతను నిర్దోషిని చేయకు, దోషినీ చేయకు. సోవియట్ ప్రశ్నపత్రాల్లో 'విదేశాల్లో బంధువులున్నారా' అన్న గడి ఉండేది. మీ అమ్మమ్మ జీవితాంతం తమ్ముడి పేరు ఎత్తకపోవడానికీ, మీ అమ్మ 'మాకెవరూ లేరండీ' అనడానికీ ఆ గడితో సంబంధం ఉందని నా నమ్మకం. అక్కాతమ్ముళ్లిద్దరూ ఒకే ప్రశ్నకు చెరొక దేశంలో మౌనం వహించారు. ఆ రెండు మౌనాలనూ పక్కపక్కన పెట్టగలిగితే నీ రచనకు వెన్నెముక దొరుకుతుంది.

ఒక సంగతి నీ రచనలో లేకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది. జర్మనీలోని నిర్వాసితుల శిబిరాల్లో ఏళ్ల తరబడి ఉండిపోయిన కల్మిక్‌లను ఏ దేశమూ తీసుకోలేదు, ఎందుకంటే వారు మంగోలులు. ఆసియా వారి ప్రవేశాన్ని అడ్డుకునే చట్టం అమెరికాలో అప్పటికి ఇంకా అమలులో ఉంది. శతాబ్దాలుగా ఐరోపాలో నివసిస్తున్నారు కనుక వారిని ఆసియా వారుగా ఎంచనక్కరలేదని 1951లో అమెరికా న్యాయశాఖ నిర్ణయించిన తరువాతే కొన్ని వందల మంది ఫిలడెల్ఫియాకూ, న్యూజెర్సీలోని హోవెల్‌కూ చేరగలిగారు. తమ మంగోలుతనాన్ని కాగితం మీద వదులుకుని ఆ దేశంలో అడుగుపెట్టిన పిల్లవాడు, యువకుడయ్యాక ఆ హోవెల్‌లోనే కల్మిక్ బౌద్ధగురువు గెషే వాంగ్యాల్ 1958లో స్థాపించిన మఠానికి నడిచివెళ్లేవాడన్నమాట. మంగోలు వారసత్వం అని నువ్వు పెట్టిన శీర్షిక బరువు ఇక్కడ తెలుస్తుంది.

మాటల విషయంలో నీకు భయం ఎక్కువగా ఉంది. జోంబాను 'మంగోలియన్ టీ' అని రాశావు. పాలూ వెన్నా ఉప్పూ జాజికాయా వేసి కాచే ఆ పానీయాన్ని జోంబా అనే రాసి, ఎలా కాచాడో చెప్పు. మొదటి కప్పు బుద్ధుడి ముందు పెట్టాడని ఎలాగూ చెప్పావు. అలాగే 'అంకుల్' అన్నావు. మంగోలు భాషల్లో తల్లి వైపు చుట్టరికానికి 'నగత్స్' అని విడిగా మాట ఉంది, మనకు మేనమామ ఉన్నాడు. ఇంగ్లీషులో ఆ తేడా లేదు. రెండు భాషలూ జాగ్రత్తగా దాచుకున్నదాన్ని మూడో భాష కోసం పారేయకు. మఠంలో ఆ ముసలావిడ నిన్ను చూసి మొదట అడిగింది మీ అమ్మ ఏ తెగ అని కదా. అది మా శ్రీకాకుళం వైపు 'ఎవరి తాలూకమ్మా నువ్వు' అని అడగడమే. ఆ ఒక్క ప్రశ్న వల్లే ఆయన దొరికాడు.

ఇందులో తెలుగుదనం ఏముందని ఎవరైనా అడుగుతారేమోనని చివర్లో సంజాయిషీ రాసుకున్నావు. అది అనవసరం. మీ నాన్నది ఏ ఊరని ఆయన అడిగితే గుంటూరు అన్నావు, ఆయనకు తెలియలేదు. అమరావతి పాత పేరు ధాన్యకటకం అని ఉంటే బహుశా తెలిసేది. కాలచక్రమనే తంత్రాన్ని బుద్ధుడు మొదట ఉపదేశించింది అక్కడే అని వారి సంప్రదాయం చెబుతుంది. గెషే వాంగ్యాల్ లాసాలో చదువుకున్న డ్రెపుంగ్ మఠానికి ఆ పేరు ధాన్యకటకం మీదుగానే వచ్చిందంటారు, ధాన్యపు రాశి అని అర్థం. 2006 జనవరిలో దలైలామా కాలచక్ర దీక్ష ఇచ్చింది మీ ఊరికి గంట ప్రయాణం దూరంలోని అమరావతిలోనే. ఈ సంగతిని వ్యాసంలో ఇరికించమనడం లేదు. ముందు ఆయనకు చెప్పు. ఆయన ఏమంటాడో దాన్ని బట్టి రాయాలో వద్దో తేలుతుంది.

మరొక్కటి. జూల్ పండుగ నాడు కల్మిక్‌లందరికీ ఒకేసారి వయసు ఒక ఏడు పెరుగుతుందని, ఇన్నేళ్లూ ఆ రోజున ఆయన తన వయసుతో పాటు అక్క వయసునూ వేళ్ల మీద లెక్కపెట్టుకునేవాడని పద్నాలుగో పేజీలో రాశావు. ఆమె 2009లోనే పోయిందన్న సంగతి మొన్న అక్టోబరులో నీ నోటి వెంటే ఆయన విన్నాడు. ఆ తరువాత డిసెంబరులో జూల్ వచ్చింది, నువ్వు ఆ రోజు అక్కడే ఉన్నావు. ఆయన ఈసారి కూడా లెక్కపెట్టాడా అన్నది నీ పేజీల్లో లేదు. అది అడగదగిన ప్రశ్నో కాదో నేను ఇంత దూరం నుంచి చెప్పలేను. వసంతాన వచ్చే త్సగాన్ సార్ పండుగకు మళ్లీ వెళ్తానన్నావు కదా, అప్పుడు ఆయన ముఖం చూసి నువ్వే తేల్చుకో. తిరిగి రాసిన తొమ్మిదో పేజీని మాత్రం అంతకు ముందే నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న