పాత దస్తావేజులో ‘విశాఖపట్టణం జిల్లా’ అని ఉంటే రికార్డు ఎక్కడ వెతకాలి?

మీ ముత్తాతగారి 1920ల నాటి దస్తావేజులో ‘విశాఖపట్టణం జిల్లా’ అనే ఉంది, సర్వే నంబరు లేదు, కలెక్టరేట్‌లో అడిగితే తమ దగ్గర లేదంటున్నారు. అసలు అప్పట్లో జిల్లా ఎలా నడిచేదని కదా మీ ప్రశ్న. మాది చోడవరం వైపు ఒక జమీందారీ పల్లె. తాతగారి భూమి కాగితాల కోసం నేనూ ఇలాగే తిరిగాను. జిల్లా పేరు పట్టుకుని వెతక్కండి. ఆ ఊరివాళ్లు శిస్తు ఎవరికి కట్టేవారో ముందు తెలుసుకోండి.

అప్పటి జిల్లా సుమారు 17 వేల చదరపు మైళ్లు. ఇటు భీమిలి నుంచి అటు కొండలు దాటి కోరాపుట్, జయపురం దాకా. జయపురం జమీందారీ ఒక్కటే అందులో సగానికి పైన. కలెక్టరు ఒకరే గానీ పాలన మూడు రకాలు.

మైదానంలో ఎక్కువ భాగం విజయనగరం, బొబ్బిలి లాంటి జమీందారీలు. 1794లో ఈస్టిండియా కంపెనీతో జరిగిన పద్మనాభం యుద్ధంలో విజయనగరం రాజు విజయరామరాజు చనిపోయారు. 1802లో శాశ్వత శిస్తు పద్ధతి తెచ్చి, విజయనగరానికి ఏటా 5 లక్షల రూపాయల పేష్కషు (జమీందారు సర్కారుకి కట్టే కప్పం) ఖాయం చేశారు. ఆ సొమ్ము అందితే చాలు, రైతు దగ్గర ఎంత గుంజినా కంపెనీకి పట్టలేదు. పొలాలు కొలిచే శ్రమ కూడా చాలావరకు పెట్టుకోలేదు. మా కాగితంలో హద్దులు ‘తూర్పున గెడ్డ, పడమర కళ్లం, ఉత్తరాన చింతచెట్టు’, అంతే. గెడ్డ ఇంకా పారుతోంది, చెట్టు ఎక్కడుండేదో చెప్పేవాళ్లే లేరు.

రెండోది, సర్వసిద్ధి, గొలుగొండ, పాలకొండ లాంటి సర్కారు తాలూకాలు. అక్కడ మైదానపు ఊళ్లలో రైతుకి నేరుగా పట్టా ఇచ్చారు కాబట్టి పని సులువు.

మూడోది మన్యం. 1830ల్లో తిరుగుబాట్లు అణిచాక, 1839 చట్టంతో మామూలు కోర్టులను పక్కనపెట్టి అధికారమంతా కలెక్టరుకే ఏజెంటు హోదాలో అప్పగించారు. కొండజ్వరానికి జడిసి దొరలు పైకి వెళ్లడమే తక్కువ. గూడెం కొండల్లో శిస్తు వసూలు, శాంతిభద్రతలు ముఠాదార్లే (కొన్నేసి కొండ ఊళ్ల మీద పెత్తనం ఉన్నవాళ్లు) చూసేవారు. తర్వాత అడవి చట్టాలు పోడు సాగుని (అడవి నరికి చేసే కొండ వ్యవసాయం) కట్టడి చేశాయి, ముఠాదార్ల పెత్తనమూ పోతూ వచ్చింది. 1922 ఆగస్టులో చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద అల్లూరి దాడి చేసినప్పుడు ముఠాదారు కుటుంబాలవాళ్లు ఆయన వెంట ఎందుకున్నారో ఇది తెలిస్తేనే అర్థమవుతుంది.

1936లో జయపురం వైపు ఒడిశాకి పోయింది, 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం, 2022లో అనకాపల్లి, అల్లూరి జిల్లాలు విడిపోయాయి. ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో చూసుకుని అక్కడికే వెళ్లండి.

జమీందారీ ఊరైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ నకలు తహసీల్దారు ఆఫీసులో అడగండి. ‘ఎస్‌ఎఫ్‌ఏ’ అంటే వాళ్లకి వెంటనే తెలుస్తుంది. మాకు సర్వే నంబరు దొరికింది అందులోనే. ఊరు ఏజెన్సీలో, అంటే మన్యం వైపు పడి, మీరు గిరిజనులు కాకపోతే మాత్రం పాత దస్తావేజు ఒక్కటే సరిపోదు. 1/70 (ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1970 నాటి చట్టం) సంగతి తెలిసిన వకీలుకి చూపించాకే ముందుకెళ్లండి.