పక్కకు ఒరిగి తేలుతున్న బెట్టా

ప్రశ్న: మా బాబు బెట్టా చేప అయిదు రోజులుగా పక్కకు ఒరిగి నీటిపైనే తేలుతోంది. కిందికి వెళ్లాలని తోక కొట్టుకుంటుంది, మళ్లీ బుడగలా పైకి వచ్చేస్తుంది. పొట్ట ఉబ్బింది. మూడు లీటర్ల గాజు బౌల్, ఆర్.ఓ. నీళ్లు, రోజుకు రెండు పూటలా ఎనిమిదేసి మేత గింజలు. షాపువాళ్లు స్విమ్ బ్లాడర్ జబ్బు అన్నారు. ఏ మందు వేయాలి?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: స్విమ్ బ్లాడర్, అంటే గాలితిత్తి, పాడైందనడం జ్వరం వచ్చిందనడం లాంటిదేనండీ. ఎందుకు వచ్చిందో అందులో లేదు. ముందు చేపను పైనుంచి చూడండి. పొలుసులు దేవదారు కాయలా విచ్చుకుని నిక్కి ఉంటే అది డ్రాప్సీ, ఒంట్లో నీరు చేరడం. అందులో బతికేవి తక్కువ. పొలుసులు నున్నగా ఉండి పొట్ట మాత్రమే ఉబ్బితే చాలావరకు మలబద్ధకమే: నిండిన పేగు గాలితిత్తిని నొక్కుతోంది.

మీ ఉత్తరంలో లేనిది ఒకటుంది, నీటి వేడి. బెట్టాకు 26 నుంచి 28 డిగ్రీలు కావాలి. డిసెంబరు, జనవరిలో బెంగళూరు రాత్రులు 15, 16 డిగ్రీలకు దిగుతాయి. చిన్న బౌల్లో నీళ్లు వాటి వెంటే చల్లబడతాయి. చలికి చేప అరుగుదల మందగిస్తుంది, గింజలేమో ఎనిమిదికి ఎనిమిదీ పడుతూనే ఉంటాయి. కారణం ఇక్కడే ఉందని మా అనుమానం.

పది లీటర్ల ప్లాస్టిక్ డబ్బా తీసుకుని ఎనిమిది లీటర్లు పోయండి. లోతు 12 సెంటీమీటర్లు దాటకూడదు. బెట్టా పైకి వచ్చి గాలి పీల్చే చేప, జబ్బులో అంతదూరం ఈదలేదు. థర్మోస్టాట్ ఉన్న 25 వాట్ల హీటర్, పూర్తిగా మునిగే రకం, అడ్డంగా పడుకోబెట్టండి. రెండు గంటలకు ఒక డిగ్రీ చొప్పున పెంచాలి, ఒక్కసారిగా కాదు. నీళ్లు మార్చేముందు స్విచ్ ఆపి పావుగంట ఆగండి, లేకపోతే హీటర్ గాజు పగులుతుంది. డబ్బాకు మూత పెట్టి కాస్త సందు వదలండి, పైనున్న గాలి కూడా వెచ్చగా ఉండాలి.

ఆర్.ఓ. నీటిలో ఖనిజాలు దాదాపు ఉండవు, చేపకు అది మంచిది కాదు. మొదటి రోజు సగం ఆర్.ఓ., సగం కావేరి కుళాయి నీళ్లు కలపండి, తరవాత మార్చేవన్నీ కావేరివే. షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు సీసా మీద రాసిన లెక్కన వేయండి. చేపను వదిలేముందు డబ్బా నీళ్లు కప్పు కప్పుగా అరగంటసేపు చేప ఉన్న పాత నీటిలో కలుపుతూ రండి.

లంఖణం పరమౌషధం, మూడు రోజులు ఏమీ పెట్టకండి. ఆరోగ్యంగా ఎదిగిన బెట్టా దీన్ని తేలిగ్గా ఓర్చుకుంటుంది. బాబుకే కష్టం! నాలుగో రోజు ఫ్రోజెన్ డాఫ్నియా (చిన్న నీటి పురుగులు) కరిగించి నాలుగైదు ఇవ్వండి. ఉడికించిన బఠాణీ పెట్టమనేవాళ్లు చాలామంది, అది గోల్డ్‌ఫిష్ వైద్యం. బెట్టా పురుగులు తినే చేప.

మందుల షాపులో మెగ్నీషియం సల్ఫేట్ అడగండి, అదే ఎప్సమ్ సాల్ట్. స్నానానికి వాడే సువాసన రకం వద్దు. నాలుగు లీటర్లకు ఒక టీస్పూను, మీ ఎనిమిది లీటర్లకు రెండు. మగ్గులో కరిగించి మూడు విడతలుగా, గంటకొకసారి పోయండి. తప్పు జరిగేది తరవాతే. రోజు విడిచి రోజు నాలుగు లీటర్లు మారిస్తే ఒక్క టీస్పూనే కలపాలి. ప్రతిసారీ రెండూ వేస్తే ఉప్పు పేరుకుపోతుంది. అయిదు రోజులకు మించి వద్దు. వంట ఉప్పు దీనికి బదులు కాదు, అది పేగును వదులు చేయదు.

వారంలో కోలుకుంటే ఇకమీద పూటకు రెండు మూడు గింజలే, నీటిలో రెండు నిమిషాలు నానబెట్టి. పొడి గింజ కడుపులో ఉబ్బవచ్చు. పైన తేలే గింజతో గాలి మింగి తిత్తి నిండుతుందన్న మాట నమ్మకండి. గోల్డ్‌ఫిష్‌కు గొంతు నుంచి తిత్తికి గొట్టం ఉంది, ఎదిగిన బెట్టాకు లేదు. కోలుకోకపోతే ఇన్ఫెక్షన్ కావచ్చు, వెన్ను వంకర కావచ్చు. ఊహించి యాంటీబయాటిక్ పోయకండి, చేపలు చూసే వెటర్నరీ డాక్టరును అడగండి.

ప్రశ్న: మా హాఫ్‌మూన్ బెట్టా ఎప్పుడూ అడుగునే పడుకుంటుంది. ఇదీ అదే జబ్బా?
– ఒక పాఠకుడు, కోరమంగళ

జవాబు: గింజ వేయగానే చకచకా పైకి వస్తే జబ్బు కాదు. హాఫ్‌మూన్ రకానికుండే ఆ పెద్ద రెక్కలు మోయడం బరువు, అలిసి పడుకుంటుంది. నీటిపైకి ఒక అంగుళం కింద వెడల్పాటి ఆకు అమర్చండి, ఫిల్టర్ ధార తగ్గించండి. గాలి కోసం కూడా తంటాలు పడుతుంటే ముందు నీటిలో అమ్మోనియా ఎంతుందో చెప్పే కిట్‌తో చూడండి. సున్నా కాకుండా ఏది చూపినా ఆ రోజే సగం నీళ్లు మార్చాలి.