షుగర్ బోర్డర్‌లో ఉందన్నారా, అయితే ఇది చదువు నాన్నా

నాన్నా, రిపోర్ట్ చూశా. ఫాస్టింగ్ అంటే పరగడుపు షుగర్ 112, రెండు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, పొట్టిగా ఏ1సీ, 6.1. షుగర్ వచ్చేసినట్టు కాదు, అలాగని ఏం లేదని వదిలేసేదీ కాదు, దీన్నే ప్రీడయాబెటిస్ అంటారు. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ లెక్కలో ఫాస్టింగ్ 100 నుంచి 125, ఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ఇందులోకే వస్తారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళు ఫాస్టింగ్‌కి 110 నుంచి మొదలెడతారు, ఎవరి లెక్కన చూసినా నువ్వు లోపలే ఉన్నావు కాబట్టి ల్యాబ్ తప్పు అని మీ నాన్నతో వాదించడం ఆపు.

ఇన్నేళ్ళు ల్యాబ్‌లో రక్తం తీసినదాన్ని, ముందు ఆ నంబర్ల సంగతే చెప్తా. ఫాస్టింగ్ అంటే కనీసం 8 గంటలు మంచినీళ్ళు తప్ప ఏం తీసుకోకూడదు. కుర్చీలో కూర్చుని, చొక్కా చెయ్యి పైకి మడిచి, నేను రబ్బరు పట్టీ కట్టి నరం వెతుకుతుంటే అప్పుడు చెప్తారు "మేడం పొద్దున కొంచెం కాఫీ తాగా, పర్లేదుగా" అని. పర్లేదు కాదు, రేపు రమ్మని పంపేసేదాన్ని. ఏ1సీకి ఆ గొడవ లేదు, ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది కాబట్టి దానికి అంటుకున్న గ్లూకోజ్ చూస్తే రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది, టెస్ట్ ముందు రోజు పస్తున్నా అది మారదు. కానీ ఐరన్ తక్కువై రక్తహీనత ఉంటే ఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు, ఈమధ్యే రక్తం బాగా పోయినా ఎక్కించుకున్నా అది నమ్మడానికి లేదు. అందుకే హిమోగ్లోబిన్ ఎంతుందో కూడా డాక్టర్‌ని చూడమను.

ఇంక తిండి. మొన్న ఫోన్‌లో ఒకటే కంగారు, ఒక వీడియోలో పండ్లన్నీ మానేయమన్నాడని, ఇంకో దాంట్లో దాల్చినచెక్క పొడి తాగితే చాలన్నాడని. దాల్చినచెక్క మీద స్టడీలు ఒకదానితో ఒకటి పొంతన లేకుండా ఉన్నాయి, దాని మీద ఆశ పెట్టుకోకు. గట్టిగా తేలింది ఏంటో చెప్తా విను, చప్పగా ఉంటుంది కానీ నిజం అదే. అమెరికాలో డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ అని 3,234 మంది మీద చేశారు, 2002లో ఫలితాలు వచ్చాయి, అందరూ షుగర్ వచ్చే రిస్క్‌లో ఉన్నవాళ్ళే. ఒక గుంపుకి ఉత్తుత్తి మాత్ర, ఒక గుంపుకి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర, ఇంకో గుంపుకి బరువులో 7 శాతం తగ్గండి, వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవండి అని చెప్పి, ఊరికే చెప్పి వదలకుండా వెంటపడి చేయించారు. ఉత్తుత్తి మాత్ర వాళ్ళతో పోలిస్తే ఈ మూడో గుంపులో షుగర్ జబ్బు రావడం 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్‌తో 31 శాతం. ఈ 58 అనేది చూసి మోసపోకు, 100లో 58 మంది బయటపడ్డారని కాదు అర్థం, ఏడాదికి 100 మందిలో 11 మందికి వచ్చేది దాదాపు 5 మందికి తగ్గింది అని. చేసినా కొందరికి వచ్చింది, అయినా సగానికి పైగా తగ్గడం అంటే మాటలా. ఫిన్లాండ్‌లో 522 మంది మీద చేసి 2001లో ప్రచురించిన స్టడీలో కూడా అదే 58 వచ్చింది. చైనాలో డాచింగ్ అనే ఊళ్ళో 1986లో మొదలుపెట్టి ఆరేళ్ళు తిండి, వ్యాయామం మార్పించి, 30 ఏళ్ళ తర్వాత చూస్తే వాళ్ళకి షుగర్ సగటున నాలుగేళ్ళు ఆలస్యంగా వచ్చింది, గుండె జబ్బుతో పోయినవాళ్ళూ తక్కువే. మూడు దేశాల్లో ఎక్కడా వింత పొడి ఏం పెట్టలేదు వాళ్ళకి. నీ బరువు 80 కిలోలు అన్నావు, 7 శాతం అంటే ఐదున్నర కిలోలు, అంతే. ఆ అమెరికా స్టడీలోనే తర్వాత లెక్కేస్తే కిలో తగ్గినప్పుడల్లా రిస్క్ సుమారు 16 శాతం చొప్పున తగ్గిందని తేలింది, కాబట్టి మొదటి కిలో నుంచే లాభం, 20 కిలోలు తగ్గాలి అని బెంబేలెత్తి ఏదీ మొదలుపెట్టకుండా కూర్చోకు.

కంచంలో సగం పిండి పదార్థం లేని కూరగాయలు, అంటే బంగాళాదుంప లాంటివి కాకుండా, పావు భాగం పప్పో గుడ్డో చేపో, మిగతా పావు అన్నమో బ్రెడ్డో. ఇది గుర్తుంటే క్యాలరీలు లెక్కెట్టక్కర్లేదు. పండు కొరికి తిను, జ్యూస్ తాగకు. 2013లో హార్వర్డ్ యూనివర్సిటీ వాళ్ళు ప్రచురించిన స్టడీలో ద్రాక్ష, యాపిల్ లాంటివి పండుగా తిన్నవాళ్ళకి రిస్క్ తక్కువ, జ్యూస్ తాగినవాళ్ళకి ఎక్కువ కనబడింది, అది ప్రయోగం కాదు, జనం తినేది గమనించి రాసిందే, అయినా జ్యూస్‌లో పీచు పోయి చక్కెర గబగబా ఎక్కుతుంది కాబట్టి నాకు నమ్మబుద్ధవుతుంది.

కూరలు ముందు తిని అన్నం చివర తినాలంట కదా అని అడిగావు. 2015లో అలా చేస్తే తిన్నాక షుగర్ తక్కువ ఎక్కిందని చూపించారు, నిజమే, కానీ ఆ స్టడీలో ఉన్నది 11 మంది, పైగా వాళ్ళకి అప్పటికే షుగర్ ఉంది. భోజనం తర్వాత 15 నిమిషాల నడక మీద 2013లో చేసింది 10 మంది పెద్దవాళ్ళతో. తిన్న రెండు గంటల్లో షుగర్ గీత ఎంత లేచింది అనేది వేరు, పదేళ్ళకి జబ్బు వచ్చిందా లేదా అనేది వేరు, వీడియోల వాళ్ళు మొదటిది చూపించి రెండోది అమ్ముతారు. అయినా ఈ రెండూ ఖర్చు లేనివి, చెయ్యి. నడిచేటప్పుడు కండరం ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే గ్లూకోజ్ లాక్కుంటుంది, అందుకని రాత్రి భోంచేశాక ఫోన్ పట్టుకుని పడుకునే బదులు ఆ ఫోన్ చెవిన పెట్టుకుని నడువు, నాకు చెయ్యి, నేనూ ఖాళీయే ఆ టైంకి.

రోజంతా షుగర్ కొలిచే సెన్సర్ చేతికి పెట్టుకుంటా అంటున్నావు, సరదాగా రెండు వారాలు పెట్టుకో కానీ మీ ఆఫీస్ అబ్బాయి గ్రాఫ్ చూసి నీ తిండి మార్చకు. ఇజ్రాయెల్‌లో వైజ్‌మాన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 2015లో 800 మందికి సెన్సర్లు పెట్టి చూస్తే ఒకే తిండికి ఒకళ్ళకి బాగా లేచింది, ఇంకొకళ్ళకి కదల్లేదు. నీకే అయినా నిద్ర సరిగ్గా లేని రోజు ఎక్కువ లేవొచ్చు. రాత్రి రెండింటి దాకా సిరీస్‌లు చూడ్డం గురించి ఇంతకంటే చెప్పను.

మెట్‌ఫార్మిన్ నీ అంతట నువ్వు కొనుక్కుని వేసుకోకు. బాగా లావున్నవాళ్ళకి, కాన్పు టైంలో షుగర్ వచ్చిన ఆడవాళ్ళకి డాక్టర్లు ఎక్కువగా ఆలోచిస్తారు దాన్ని, నీకు కావాలో వద్దో మీ డాక్టర్ చూసి చెప్తారు. ఒకవేళ 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత షుగర్ చూసే టెస్ట్ రాస్తే మాత్రం ముందు మూడు రోజులు పిండి పదార్థాలు తగ్గించకుండా మామూలుగా తిను, ఎందుకంటే బాగా తగ్గించేసి వస్తే రెండో గంట రీడింగ్ తప్పుగా ఎక్కువొస్తుంది, మంచి చేస్తున్నాం అనుకుని అలా వచ్చి రిపోర్ట్ చూసి బెదిరినవాళ్ళని చూశా.

ఏ1సీ మళ్ళీ మూడు నెలలు ఆగి చేయించు, నెలకోసారి చేయిస్తే డబ్బు దండగ. అన్నీ బాగున్నా ఏడాదికోసారి మానకు. ఈలోగా విపరీతంగా దాహం వేసినా, రాత్రిళ్ళు మాటిమాటికీ లేవాల్సొచ్చినా, నువ్వేం చేయకుండానే బరువు పడిపోతున్నా మూడు నెలలు అని కూర్చోకుండా ఆ వారమే డాక్టర్ దగ్గరికెళ్ళు.

మీ పెద్దమ్మ