ట్యాంకు విప్పడం ఆఖరి పని

మార్కాపురం

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "అన్నయ్యా, చిట్టి బండికి పెట్రోల్ మీటరు పనిచెయ్యట్లేదంట. ఆదివారం సెల్లార్‌లో తనే ట్యాంకు విప్పి చూస్తుందంట. అది బాగయ్యాక ఒక్కతే శ్రీశైలం పోయొస్తుందంట" అని ఊపిరి తీసుకోకుండా చెప్పాడు. మీటరు సంగతికి నవ్వొచ్చింది, ఆ బండికి అదేం కొత్త జబ్బు కాదు. మా ఇంటి ఆడపిల్ల నల్లమల మీదుగా బండి తోలుకుంటూ పోతుందంటే మీ పెద్దమ్మను నిద్ర లేపి మరీ చెప్పాను. ఆ సెల్లార్ అన్న మాటే నాకు తెల్లారేదాకా నిద్ర పట్టనివ్వలేదు.

ఫోన్లో చెబితే "సరే పెదనాన్నా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. మీ అన్న ఫోటో తీసి పంపిస్తాడు, కుదురుగా చదువు.

సెల్లార్‌లో ట్యాంకు విప్పొద్దు. పెట్రోల్ ఆవిరి గాలి కన్నా బరువు. పైకి లేచిపోదు, నేల మీదే పాకుతూ పల్లం వెతుక్కుంటుంది. మీ అపార్ట్‌మెంటుకి పల్లమంటే ఆ సెల్లారే కదా! పోయినసారి వచ్చినప్పుడు చూశాను, అక్కడే జనరేటరు, అక్కడే ఎవరిదో ఎలక్ట్రిక్ స్కూటరు చార్జింగు, ఆ మూల గదిలో వాచ్‌మన్ వాళ్ల పొయ్యి. గాలిలో నూటికి ఒకటిన్నర వంతు పెట్రోల్ ఆవిరి కలిస్తే చాలు, ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది. పొద్దున్నే చల్లగా ఉంటుంది కదా అనుకోకు. సున్నాకి 40 డిగ్రీలు కింద కూడా అంటుకునేంత ఆవిరి వదిలే సరుకది. నువ్వు ట్యాంకు దగ్గర ఎంత జాగ్రత్తగా ఉన్నా ఆవిరి పది అడుగులు పోయి ఎవరి పొయ్యినో పలకరించి వెనక్కి వస్తుంది.

పెదనాన్నకు చాదస్తం అంటావు. అవును, చాదస్తమే. మా షెడ్డు వరసలో ఒకతను కారుతున్న ట్యాంకుకి వెల్డింగ్ పెట్టాడు. ముందురోజే సర్ఫు నీళ్లతో కడిగి ఎండలో పెట్టాడు, ఖాళీ ట్యాంకే కదా అనుకున్నాడు. నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకే ప్రమాదం, అందులో ఉండేది ఆవిరి, గాలీ కాబట్టి. ఆ చప్పుడు విన్న రోజు నుంచి నా షెడ్డులో ట్యాంకు విప్పాలంటే బయట వేపచెట్టు కిందే. కుర్రాళ్లు నవ్వుకునేవాళ్లు. నవ్వుకోనీ.

సరే, పనిలోకి వద్దాం. బండిని చదును నేల మీద డబుల్ స్టాండ్ వెయ్యి. సైడ్ స్టాండ్ మీద ట్యాంకు ఒక పక్కకి ఒరుగుతుంది, ముల్లు చెప్పేది నమ్మలేం. ఫ్యూజు చూడు. బ్యాటరీ నీరసంగా ఉంటే చార్జింగ్ పెట్టించు. మీటర్లో న్యూట్రల్ లైటు, ఇండికేటర్ లైట్లు బాగా వెలుగుతూ పెట్రోల్ ముల్లొక్కటే పడుకుందంటే జబ్బు దానికి పోయే దారిలోనే ఉంది.

ఆ దారి ఎంతో లేదు. మీ ఇంటి మీద నీళ్ల ట్యాంకులో బంతి తేలుతుంది చూడు, అలాగే పెట్రోల్ ట్యాంకులో ఒక ఫ్లోటు తేలుతుంది. దానికో సన్నటి కమ్మీ. పెట్రోల్ తగ్గేకొద్దీ కమ్మీ దిగుతుంది, దాని రెండో కొస ఒక రెసిస్టెన్స్ పట్టీ మీద జారుతుంది. ఆ తేడాని రెండు వైర్లు మీటరుకి మోస్తాయి. చెడితే ఫ్లోటు చెడాలి, పట్టీ చెడాలి, వైర్లూ, వాటిని కలిపే కప్లరూ చెడాలి, లేదా మీటరు చెడాలి. ఇందులో ట్యాంకు విప్పకుండా చూడగలిగినవే ఎక్కువ. మెకానిక్కులు ముందు ట్యాంకు విప్పేది ఎందుకంటే, విప్పితే బిల్లు వెయ్యొచ్చు.

మీ నాన్న మెకానిక్కు కూడా కాదు, అయినా ముందు ట్యాంకే విప్పాడు. ఈ కథ నీకు ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు.

నిన్ను బళ్లో వెయ్యకముందు మాట. మీ నాన్న బండిని వాటర్ సర్వీసింగ్ చేయించి తెచ్చాడు. సాయంత్రానికి ముల్లు పడిపోయింది. నీళ్లు కొట్టాక పోయిందంటే నీళ్లు ఎక్కడికి పోయి ఉంటాయో ఆలోచించాలా వద్దా? ట్యాంకు కింద కప్లర్లోకి పోయి ఉంటాయి. ఆ తెల్ల ప్లాస్టిక్ ముక్క లాగి, తుడిచి, ఆరబెట్టి పెడితే ఐదు నిమిషాల పని. నాకు ఫోన్ చేస్తే అదే చెప్పేవాణ్ని. నన్ను అడగడానికి నామోషీ, అన్నయ్య మెకానిక్కయితే తమ్ముడికి ఉండే జబ్బే అది. వంటింటి కిటికీ కిందే గోనెపట్టా పరిచి ట్యాంకు బోర్లించాడు. లోపల మీ అమ్మ పాలు కాస్తోంది. నేను ఏదో పని మీద వచ్చి గుమ్మంలో అడుగు పెట్టేసరికి వాసన గుప్పుమంది. ముందు లోపలికి పరిగెత్తి పొయ్యి ఆర్పాను, తర్వాత బయటికొచ్చి మీ నాన్నను తిట్టాను. పిల్లల తండ్రిని అలా తిట్టకూడదు. తిట్టాను.

అప్పటికే ఫ్లోటు, కమ్మీ, పట్టీ కలిసి ఉండే యూనిట్‌ని ట్యాంకు నుంచి బయటికి లాగేశాడు. ఆ యూనిట్ నేరుగా రాదమ్మా. రంధ్రం చిన్నది, లోపల కమ్మీ పొడుగు. కొంచెం పైకి లేపి, ఒక పక్కకి వంచి, ముందు పట్టీ ఉన్న వైపు రానిచ్చి, ఆనక ఫ్లోటుని తిప్పుకుంటూ తియ్యాలి. మీ నాన్న నేరుగా గుంజాడు. ఫ్లోటు రంధ్రం అంచుకు తగిలి కమ్మీ వంగింది. దాన్ని ప్లయరుతో పట్టి కంటి చూపుతో సరిచేశాడు. సరిచేశాననుకున్నాడు గానీ కిందికి ఎక్కువ వంచాడు. అన్నీ బిగించి కప్లరు పెట్టగానే ముల్లు లేచింది. లేవదా మరి, కప్లరు ఊడదీసి పెట్టినప్పుడే అందులో చిలుం రాలిపోయింది. "చూశావా, నేను బాగు చేశా" అని ఊరంతా చెప్పుకున్నాడు.

కమ్మీ కిందికి వంగితే ఏమవుతుందో నువ్వే ఆలోచించు, ఇంజనీరింగ్ చదివావు కదా. ఫ్లోటు ఉన్న మట్టంలోనే ఉంటుంది, రెండో కొస మాత్రం పట్టీ మీద ఎత్తుగా నిలబడుతుంది. మీటరు ఎప్పుడూ ఉన్నదాని కన్నా ఎక్కువే చూపిస్తుంది. పెట్రోల్ అయిపోవచ్చేసరికి ఫ్లోటు ట్యాంకు అడుగుకి తగిలి ఆగిపోతుంది, ముల్లు ఇంకా పావు దగ్గరే ఉంటుంది. చచ్చిపోయిన మీటరు నయం, దాన్ని ఎవరూ నమ్మరు. పావు దగ్గర ఆగిన మీటరుని అందరూ నమ్ముతారు. దానికి తోడు ట్యాంకు ఎక్కించేటప్పుడు పెట్రోల్ కాక్‌ని, అదే ట్యాంకు కింద తిప్పే మీటని, రిజర్వులో వదిలేశాడు. "ఆన్"లో ఉంటే అడుగున కొంచెం మిగిలుండగానే బండి ముక్కుతుంది. ఇక అలా హెచ్చరించే దారి కూడా లేదు.

ఆ కార్తీకంలో మీ ముగ్గురూ శ్రీశైలం వెళ్లారు. తిరుగు దారిలో శిఖరం దాటి దోర్నాల వైపు దిగుతుంటే బండి ఆగింది. ముల్లు పావు మీదుంది కాబట్టి మీ నాన్నకు పెట్రోల్ మీద అనుమానమే రాలేదు. ప్లగ్గు విప్పాడు, తుడిచాడు, కిక్కు కొట్టాడు, మళ్లీ విప్పాడు. ఎండ వాలిపోతోంది. ఆ అడవి దారిలో అప్పుడు ఫోన్ సిగ్నలెక్కడిది! చివరికి వెనక బండి మీద వచ్చిన ఒకాయన దిగి, ట్యాంకు మూత తీసి బండిని ఊపి చూసి, "లోపల చుక్క లేదు గదన్నా" అన్నాడంట. ఆయనే తన బండి నుంచి ట్యూబుతో కొంచెం పట్టి ఇచ్చాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. ఎవరో, ఏ ఊరో. నీకు ఆ రోజు కోతులు మీ అమ్మ చేతిలో అరటిపండ్లు లాక్కున్న రోజుగానే గుర్తు. ఇంటికొచ్చి నా ఒళ్లో కూర్చుని అదే చెప్పావు, చేతులు తిప్పుకుంటూ. మీ అమ్మ మాత్రం ఆ రాత్రి మీ నాన్నతో మాట్లాడలేదు.

ఆ కమ్మీ నేనే తర్వాత సరిచేశాను. ఇప్పుడు నీ దగ్గరున్న బండి అదే.

అందుకని కప్లరుతో మొదలుపెట్టు. సీటు తీస్తే ట్యాంకు కింద రెండు వైర్లు కలిసే చోట కనపడుతుంది. తాళం ఆపి, వైరు పట్టి లాగకుండా ప్లాస్టిక్ నొక్కు నొక్కి లాగు. లోపల పచ్చగా చిలుం ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి బాగా ఆరనిచ్చి పెట్టు. సగం కేసులు ఇక్కడే ముగుస్తాయి. లేదంటే మళ్లీ ఊడదీసి, ట్యాంకు మూత గట్టిగా వేసి ఉందో లేదో, వాసన వస్తోందో లేదో చూసుకుని, బండి వైపున్న రెండు కన్నాల్నీ చిన్న వైరు ముక్కతో కలిపి తాళం ఆన్ చెయ్యి. నీ బండికి ముల్లు ఫుల్ వైపు లేవాలి. లేవగానే తాళం ఆపెయ్యి, అలాగే పట్టుకుని కూర్చోకు. ఇది ముల్లు మీటరుకే. మీ ఆఫీసు స్నేహితుల కొత్త డిజిటల్ బండ్ల మీద ఈ విద్య చూపించకు, వాటి లెక్క వేరు. ముల్లు లేచిందంటే మీటరూ వైర్లూ బాగున్నట్టే, జబ్బు ట్యాంకు లోపలే. లేవలేదంటే ట్యాంకు జోలికే పోవద్దు. మీటరుకి 12 ఓల్టులు వస్తున్నాయో లేదో, ఎర్త్ వైరు గట్టిగా ఉందో లేదో చూడు. బండి గతుకుల్లో పోతుంటే ముల్లు ఎగిరెగిరి పడుతోందంటే ఎక్కువసార్లు తప్పు ఎర్త్ వైరుదే.

నువ్వు కొన్న మల్టీమీటరు ఇప్పుడు తియ్యి. ట్యాంకు నుంచి వచ్చే రెండు వైర్ల మధ్య రెసిస్టెన్స్ ఎన్ని ఓములో చూడు. నీ బండి రకానికి ట్యాంకు నిండుగా ఉంటే పది లోపు, ఖాళీ అయితే వందకు దగ్గర ఉండాలి. అంకె కన్నా దాని నడక ముఖ్యం. ఎవరినైనా బండిని అటూ ఇటూ మెల్లగా ఊపమను. పెట్రోల్ కదిలితే అంకె కూడా కదలాలి. అంకే రాకపోతే లోపల ఎక్కడో తెగింది. వచ్చి కదలకుండా కూర్చుంటే ఫ్లోటు ఇరుక్కుంది. ఎప్పుడూ ఒకే మట్టం దగ్గర మాయమైతే పట్టీ అక్కడ అరిగింది. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, అది నీళ్లను పీల్చుకుంటుంది. నువ్వేమో బండిని నెలల తరబడి కదపకుండా పెట్టావు. లోపల మకిలి పట్టి ఉంటే ఆశ్చర్యం లేదు.

అప్పటికీ లోపలే అని తేలితే ట్యాంకు విప్పు. పైన ఆరుబయట, గాలి ఆడేచోట, పగటిపూట. బ్యాటరీ మైనస్ వైరు ముందు తీసెయ్యాలి. ట్యాంకులో పెట్రోల్ అడుగంటినప్పుడే ఈ పని పెట్టుకో. మిగిలింది లోహపు డబ్బాలోకి, డబ్బాని నేల మీద పెట్టి వదులు. ఆ డబ్బాకి మూత వేసి దూరంగా పెట్టు. ట్యాంకు ఎత్తే ముందు కప్లరు ఊడదీశావో లేదో చూసుకో, లేకపోతే వైర్లు తెగుతాయి. పక్కన ఒక బక్కెట్టు ఇసుక ఉండాలి, పెట్రోల్ మంట మీద నీళ్లు పోస్తే మంట నీళ్లతో పాటు పరుగెడుతుంది. యూనిట్ ఏ వైపు చూస్తోందో ముందు ఫోటో తీసుకో. యూనిట్‌ని పట్టి ఉంచే నాలుగు నట్లు తీశాక గుంజకు, పైన చెప్పినట్టు తిప్పుకుంటూ తియ్యి. ఫ్లోటుని చెవి దగ్గర పెట్టి ఊపు. లోపల గలగలమంటే చిల్లు పడి పెట్రోల్ ఎక్కింది, మునిగిపోతోంది, అందుకే ఎప్పుడూ ఖాళీ చూపిస్తుంది. దానికి టంకం పెట్టే ఆలోచన కలలో కూడా రానీయకు. కొత్త యూనిట్ కొను. పాత రబ్బరు వాషరు మళ్లీ వెయ్యకు. బయట దొరికే సిలికాన్ గమ్ము అసలే పుయ్యకు, పెట్రోల్‌కి అది ఉబ్బి ఊడిపోతుంది. నట్లు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించు. బండి మీదికి ఎక్కించే ముందు అర లీటరు పోసి, కింద కాగితం పరిచి, చెమ్మ దిగుతోందేమో ఒక అరగంట చూడు.

తర్వాత లీటరు లీటరుగా కొలిచి పోస్తూ ప్రతిసారీ ముల్లు ఎక్కడుందో రాసుకో. అదే నీ మీటరుకి నిజమైన స్కేలు.

ఇక శ్రీశైలం. మీటరు బాగైనా కాకపోయినా పోవచ్చు, దానికోసం ప్రయాణం ఆపుకోవద్దు. మా రోజుల్లో బండ్లకి మీటర్లెక్కడివి, మూత తీసి ఊపి చూసుకునేవాళ్లం. నీ ట్యాంకు 13 లీటర్లు. లీటరుకి 45 లెక్కన పోనూ రానూ 430 కిలోమీటర్లకి పది లీటర్లు చాలవచ్చు, కానీ ఘాట్‌లో ఆ 45 రాదు. హైదరాబాద్‌లో ఫుల్ చేయించి ట్రిప్ మీటరు సున్నా పెట్టు, కల్వకుర్తిలో మళ్లీ నింపు. పెట్రోల్ కాక్ "ఆన్"లో ఉందో లేదో వేలు పెట్టి చూసుకో, కళ్లతో కాదు. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూస్తారు. అక్కణ్నుంచి దోమలపెంట దాకా పులుల అడవి. తిరిగొచ్చేటప్పుడు మధ్యాహ్నం భోజనం కాగానే బయల్దేరు, ఆలస్యమైతే సున్నిపెంటలో ఆగిపో. నువ్వు భయపడవని తెలుసు. ఇంట్లో భయపడేవాళ్లం ముగ్గురం ఉన్నాం.

రబ్బరు వాషరు, నా పాత పది నంబరు రింగు స్పానరు కార్గోలో వేస్తున్నాను. నట్టు తలలు అరగ్గొట్టే స్పానర్లు ఆన్‌లైన్లో కొనకు. ట్యాంకు విప్పాల్సి వస్తే విప్పక ముందే వీడియో కాల్ చెయ్యి, విప్పాక కాదు. రెండు నుంచి నాలుగు దాకా పడుకుంటాను, అయినా చెయ్యి.

మీ నాన్న ఇప్పుడే వచ్చి వెనక నిలబడి ఇదంతా చదివాడు. కమ్మీ వంగింది తను లాగినందుకు కాదంట, నేను అరిస్తే చెయ్యి జారిందంట. నమ్మకు.

మీ పెదనాన్న