అన్నం మానేసిన మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

నాయనా, బరువు తగ్గాలని అన్నం పూర్తిగా మానేశావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆస్పత్రిలో ఆహారం గురించి చెప్పడమే నా ఉద్యోగం కదా, ఊరుకోలేక రాస్తున్నాను. ఇలా మానేసినవాళ్లని చాలామందిని చూశాను. సంక్రాంతికి అన్నం మళ్లీ కంచంలోకి వస్తుంది, పోయిన కిలోలూ వెంటే వస్తాయి. పండగైనా పెళ్లయినా తప్పకుండా చేయగలిగిందే మొదలుపెట్టు.

అన్నం సగం చేసి కూర రెట్టింపు వేసుకో. బీర, సొర, గోరుచిక్కుడు, తోటకూర ఏదైనా సరే, బంగాళాదుంప వేపుడు మాత్రం ఆ లెక్కలోకి రాదు. ముద్దపప్పో, గుడ్డో, చేపో తోడుంటే సాయంత్రం బజ్జీల మీదకి మనసు పోదు. కొర్రలు, జొన్నరొట్టె తింటానంటే మంచిదే, పీచు ఎక్కువ. కానీ కేలరీల్లో అవీ బియ్యమూ ఇంచుమించు ఒకటే. వాటికీ కొలత ఉండాలి.

అసలు పట్టించుకోవాల్సింది నూనె. పెద్ద చెంచాడు నూనెలో దాదాపు 120 కేలరీలుంటాయి. పోపులో, వేపుడులో, పచ్చడి పైన తేలేదానిలో ఎంత పోతోందో వండే చేతికే తెలియదు. నెలకి మనిషికి అర లీటరు లెక్కన కొని దాంతోనే సరిపెట్టండి. ఇంట్లో అందరికీ ఇదే వర్తించాలి, నీ ఒక్కడికీ వేరే వంట పెడితే నెల కూడా సాగదు.

రోజూ చెమటపట్టేలా అరగంటకు తగ్గకుండా నడువు. వారంలో రెండు రోజులు గుంజీళ్లు, బరువులెత్తడం కూడా చెయ్యి, లేకపోతే కొవ్వుతోపాటు కండా కరుగుతుంది.

96 కిలోల నుంచి ఒకేసారి 70కి గురిపెట్టకు. ముందు ఐదు కిలోలు తగ్గు. బీపీ, షుగరు మెరుగుపడటం అక్కడి నుంచే కనబడుతుంది. నెలకి రెండు కిలోలు తగ్గితే చాలు. నడుము కూడా టేపుతో కొలుచుకో, మన మగవాళ్లకి హద్దు 90 సెంటీమీటర్లు.

షుగరు మాత్రలు వేసుకుంటూ డాక్టరుకి చెప్పకుండా ఉపవాసాలు చేయకు. కొన్ని మాత్రలతో షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది.

ఇంకొకటి. రాత్రి గురక మధ్యలో నీకు ఊపిరి ఆగినట్టవుతోందని మీ ఆవిడ భయపడుతోంది. పగలు ఆఫీసులో కునుకు కూడా వస్తోందట. స్థూలకాయం ఉన్నవాళ్లలో ఇది తరచూ కనిపించేదే, వదిలేస్తే గుండెకి భారం. ఈ వారమే డాక్టరుని కలిసి నిద్ర పరీక్ష చేయించుకో. వెళ్లేటప్పుడు తననీ తీసుకెళ్లు, నిద్రలో ఏం జరుగుతోందో చెప్పగలిగేది తనే.

మీ అత్తయ్య